పాముల గద్ద గూడు, మేము వేసిన కంప

ఇంతకాలం ఈ సంగతి రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. అడవి శాఖలో వాచర్‌గా పనిచేసినన్నాళ్ళూ నా సంతకం నా బొటనవేలే. శంషాబాద్ అవతల మా అడవి మొదట్లో ఒక పచ్చ బోర్డు ఉండేది. దాని కింద నిలబడి ఎన్నో ఏళ్ళు జనాన్ని వెనక్కి పంపాను. దాని మీద ఏముందో మాత్రం పని మానేశాకే చదివాను. "వాహనములకు ప్రవేశము లేదు" అని ఉంది. నేను నోటితో చెబుతూ వచ్చింది కూడా అదే కాబట్టి బోర్డుకూ నాకూ మాట తేడా రాలేదు. ఇద్దరి మాటా ఎవరూ వినేవారు కాదు, అది వేరే సంగతి.

పని మానేశాక మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. నా వేళ్ళు కొడవలి పట్టినట్టే పెన్ను పట్టేవి. "అక్కా, నువ్వు రాస్తున్నవా, గడ్డి కోస్తున్నవా?" అని ఆమె నవ్వేది. ఇప్పుడు రాయగలను. ఒక పేజీ రాస్తే మణికట్టు లాగుతుంది. అందుకే అన్నీ రాయను. ఒక్కటి రాస్తాను. కొత్తగా వాచర్లుగా చేరుతున్నవాళ్ళు చదువుకోవాలని రాస్తున్నాను. మీలో కొందరికి డిగ్రీలు కూడా ఉన్నాయని విన్నాను. మంచిదే. అయితే ఇందులో నేర్చుకోవలసింది ఏమిటో నాకే సరిగా తెలియదు. జరిగింది చెబుతాను.

మా అడవి పెద్దదేమీ కాదు. రాతి గుండ్లు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, నడుమ ఎండిపోయిన వాగు. విమానాలు కాళ్ళు చాపుకొని మా నెత్తి మీదుగానే దిగుతాయి. ఆ వాగు ఒడ్డున ఒక ముసలి తుమ్మ ఉంది. దాని నెత్తిన పాముల గద్ద జంట గూడు కట్టుకుంది. చూడని వాళ్ళ కోసం చెబుతాను. పాముల గద్ద ఊళ్ళలో కోడిపిల్లల కోసం తిరిగే గద్ద కాదు. దానికంటే బాగా పెద్దది. పొట్ట తెల్లగా ఉంటుంది, ముఖం గుడ్లగూబ ముఖంలా గుండ్రంగా, కళ్ళు పచ్చగా. పామును పట్టుకుని బతుకుతుంది. ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. అది పోతే ఆ ఏడాదికి మళ్ళీ లేదు.

ఆ గద్దలో నాకు వింతగా తోచింది ఒకటుంది. విమానం గాలి చీల్చుకుంటూ పోతే మాకు గుండెలు అదిరేవి. గూట్లో ఉన్న ఆడగద్ద మెడ కూడా తిప్పేది కాదు. కింద ఒక మోటారు సైకిల్ గుర్రుమంటే చాలు, లేచిపోయేది. పైన పోయేదాన్ని లెక్కచేయదు, కిందినుంచి వచ్చేదానికే ఆమెకు భయం.

అక్కడ మేం ముగ్గురం. నాకంటే ముందునుంచీ పనిచేస్తున్న పెద్ద వాచర్ ఒకాయన. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. నోట్లో ఎప్పుడూ బీడీ ఉండేది, కానీ అడవిలో ఉన్నంతసేపు అంటించేవాడు కాదు. సాయంత్రానికి అది నానిపోయి పారేసే స్థితికి వచ్చేది. "గిట్ల బీడీ తాగితే రోగం రాదు చెల్లె" అనేవాడు. మూడో ఆయన మా బీట్ ఆఫీసర్. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుర్రవాడు. మెడలో దుర్భిణి వేలాడుతుండేది. మమ్మల్ని "మీరు" అనేవాడు, మొదట్లో నాకు అది ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది.

నేను పని మానేసిన ఏడాదికి ముందు ఏడాది ఆ గూట్లో గుడ్డు దక్కలేదు. ఆ ఏడాదే ఆదివారాలు నగరం నుంచి కుర్రాళ్ళు మట్టిలో తోలే మోటారు సైకిళ్ళు తెచ్చి అడవిలో తిప్పడం మొదలుపెట్టారు. తల్లి లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఒక ఆదివారం ఆమె లేచిన సందులో కాకులు వచ్చాయి. చెట్టు కింద పెంకు దొరికితే అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని మాకు చూపించాడు.

మరుసటి ఏడాది మళ్ళీ అదే చెట్టు, మళ్ళీ ఒకటే గుడ్డు. అది పిల్లయింది. వాగుకు ఎదురుగా ఉన్న పెద్ద గుండు ఎక్కితే గూడు పళ్ళెంలా కనబడేది. అందులో పిడికెడు దూదిలా పిల్ల. నాకు అది పనిలో ఆఖరి ఎండాకాలం. వయసు అయిపోయిందని ముందే చెప్పేశారు. ఎన్నో ఏళ్ళు అడవిని కాశాను. కాచినందుకు ఒకటి నిలబడి, రెక్కలొచ్చి, నా కళ్ళ ముందు ఎగిరితే చూసి ఇంటికి పోవాలని నా కోరిక. అన్నకూ అదే. సార్‌కు మాకంటే ఎక్కువ. ఆయన పొద్దున వచ్చీ రాగానే "పిల్ల లేచిందా అమ్మా?" అని అడిగేవాడు, ఇంట్లో పసిబిడ్డను అడిగినట్టు.

గూడు సంగతి ఎవరికీ చెప్పవద్దని సార్ మాకు గట్టిగా చెప్పాడు. తెలిస్తే కెమెరాలవాళ్ళు వచ్చి చెట్టు చుట్టూ కూర్చుంటారని. మేం ఇంట్లో కూడా చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక ఫైర్‌లైన్ సంగతి. ఎండలు ముదరకముందే అడవి నడుమ గడ్డీ గాదం, ఎండుటాకు అంతా తీసి బోసిగా ఒక పట్టీ చేస్తాం, నిప్పు ఇటునుంచి అటు దాటకుండా. ఆ ఏడాది కూడా నడుములు పడిపోయేలా చేశాం. పని అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే మాకు నిప్పుకు వేసిన గీత కనబడింది. జీపులున్నవాళ్ళకు చక్కటి రోడ్డు కనబడింది. మేం ఊడ్చి పెట్టాం, వాళ్ళు వచ్చి తొక్కారు. అయితే ఒకటి. ఆ గీత తుమ్మచెట్టుకు కాస్త ఎడంగానే పోతుంది. బండ్లు గీత మీదే పోయినంతసేపు తల్లి మెడ ఎత్తి చూసేది కానీ లేచేది కాదు.

అయినా మాకు భయం తగ్గలేదు. సార్ ఒకరోజు మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

"కందకం తవ్వించమని పైకి అడిగానండి. ఇంకా ఏ కబురూ రాలేదు."

అన్న నవ్వాడు. "కందకమెందుకు సారూ? కంప ఏస్తే సాలదా?"

"ముళ్ళకంపకు జీపు ఆగుతుందా?"

"జీపు ఆగది. మనిషి ఆగుతడు. మా దిక్కు కంప అడ్డమున్న తొవ్వల ఎవ్వడు పోడు సారూ. కంప ఏసిండ్రంటే ఇగ ఆ తొవ్వ లేదన్నట్టే."

అన్న చెప్పింది నిజం. మా ఊళ్ళలో చేనుకు తాళాలుండవు. బాటకు అడ్డంగా ఒక తుమ్మకొమ్మ నరికి పడేస్తే చాలు. పశువులు తోలేవాడు, గొర్లకాపరి, పెళ్ళి బండి, ఎవరైనా సరే దాన్ని ఎత్తి పక్కన పడేయరు. దాటరు. చుట్టు తిరిగి పోతారు. నేనూ తల ఊపాను. ముగ్గురం కలిసి ఫైర్‌లైన్ మొదట్లో కంప వేశాం.

మొదట్లో పనిచేసింది కూడా. మోటారు సైకిళ్ళ పిల్లలు ముళ్ళు చూసి, టైర్లు చూసుకుని, తిట్టుకుంటూ వెనక్కి పోయారు. అన్న నడకే మారిపోయింది. "ఏం సారూ, కంప సదువుకోకున్నా పని చేస్తుందా?" అని రోజుకొకసారి అనేవాడు. సార్ నవ్వేవాడు.

మా తమ్ముని కొడుకు సంగతి చెప్పాలి. ముప్ఫై దాటినవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు. ముందు విమానాశ్రయం దగ్గర కిరాయి కారు నడిపేవాడు. తర్వాత నగరం నుంచి పెద్ద పెద్ద జీపులు తెచ్చుకుని గుట్టల్లో రాళ్ళమీద తోలి సరదా తీర్చుకునేవాళ్ళకు దారి చూపే పనిలో కుదిరాడు. చిన్నప్పుడు నా వెంట మేకలు కాసినవాడు. ఆ గుండ్లు, వాగులు వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఆ తెలివికే వాణ్ణి పనిలో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం నేను, అన్న గుండు మీద ఉన్నాం. సార్ శంషాబాద్ నుంచి బయల్దేరి వస్తున్నాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తల్లి పిల్ల మీద రెక్కలు కాస్త విప్పి నిలబడింది, గొడుగు పట్టినట్టు. ఆ వయసు పిల్లకు ఎండ తగలకూడదు. తల్లి నీడే దానికి ఇల్లు.

జీపుల చప్పుడు వినబడింది. మూడు. ముందు జీపులో మా మేనల్లుడు. కంప దగ్గర ఆగారు. వాడు దిగాడు. కంపను చూశాడు, చుట్టూ చూశాడు. "సూసినవా చెల్లె, మనోడే. వాపస్ పోతడు" అన్నాడు అన్న. వాడు జీపెక్కాడు. జీపు వెనక్కి తిరగలేదు. పక్కకు తిరిగింది. వాగులోకి దిగింది.

నేను గుండు మీదినుంచి ఎట్లా దిగానో గుర్తులేదు. మోచేయి చెక్కుకుపోయిందని తర్వాత చూసుకున్నాను. నేను చేరేసరికి మొదటి జీపు తుమ్మచెట్టు కింద వాగు ఇసుకలో చక్రాలు మునిగేదాకా దిగబడింది. ఎంత తొక్కితే అంత లోపలికి పోతోంది. తల్లి ఆకాశంలో ఉంది.

మా వాడు నన్ను చూసి ముఖమంతా నవ్వుతో ఎదురొచ్చాడు.

"అత్తా! సూడు, కంప ముట్టుకోలే. దాటలే. సుట్టు తిరిగొచ్చిన."

వాడి ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. పద్ధతి పాటించానన్న తృప్తి ఉంది.

"కంప ఏసింది ఈ చెట్టు కోసం రా! పైన గద్ద పిల్ల ఉన్నది."

వాడు పైకి చూశాడు. నవ్వు పోయింది. "గా ముచ్చట ముందుగాల చెప్పరాదె అత్తా? నాకెట్ల ఎరుక?"

జీపు యజమాని టోపీ పెట్టుకున్న మనిషి, మంచిగానే మాట్లాడాడు. "ఆంటీ, పది నిమిషాలు. తాడు కట్టి లాగితే వచ్చేస్తుంది. వెళ్ళిపోతాం."

"పక్షి ఎగిరిపోయింది కదా ఆంటీ, మనం పోయాక వస్తుంది" అన్నాడు వెనక జీపులోంచి ఇంకొకతను.

"తల్లి ఎగిరింది సారూ. పిల్లకు రెక్కలు లేవు. ఎండల ఉన్నది."

వాళ్ళు గూటివైపు చూశారు. వాళ్ళకు పుల్లలే కనబడ్డాయి.

జీపు ముందు చుట్ట చుట్టిన ఇనుప తాడు ఉంటుంది. దాన్ని దేనికైనా కట్టి మీట నొక్కితే జీపు తనను తానే లాక్కుంటుంది. ముందు ఆ తాడు వెనక జీపుకు కట్టారు. అదీ ఇసుకలో జారింది. చుట్టుపక్కల ఉన్నవి పొదలు. గట్టిగా నిలబడే మొదలున్నది ఆ తుమ్మ ఒక్కటే. మా వాడు తాడు కొక్కెం పట్టుకుని చెట్టువైపు వచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"జరగు అత్తా. గిది ఒక్కటే చెట్టున్నది."

"చెట్టు ఊగితే గూడు జారుతది. కట్టనియ్య."

"కట్టకుంటే బండి వెళ్ళది. బండి వెళ్ళకుంటే మేం పోము. మేం పోకుంటే నీ గద్ద దిగది. చెప్పు మరి, ఏం జెయ్యాలె?"

వాడు కోపంగా అనలేదు. నిజంగా అడిగాడు. "తోద్దాం" అన్నాను.

తోశాం. నేను, అన్న, వాళ్ళు, అందరం. వాగులో రాళ్ళు ఏరి చక్రాల కింద వేశాం. చేతులతో ఇసుక తోడాం. నేను కాపలా కాసే అడవిలోకి వచ్చిన జీపును నా భుజంతో నెట్టాను, అది తొందరగా పోవాలని. రాయి వేస్తే చక్రం దాన్ని మింగేది. ఇంజన్ అరిచేది, పొగ వచ్చేది, జీపు జానెడు కదిలి మళ్ళీ కూర్చునేది. పొద్దు మాత్రం ఆగలేదు.

తల్లి పైన తిరుగుతూనే ఉంది. ఆమె నీడ ఇసుక మీద మా చుట్టూ తిరిగింది. జీపు మీదుగా, మా వీపుల మీదుగా పోయింది. ఆ నీడ గూట్లో పడాలి. మా మీద పడుతోంది.

పొద్దు నెత్తి మీదికి వచ్చాక జీపు బయటికి వచ్చింది. తాడు కట్టనిచ్చి ఉంటే ఇంకా ముందే పోయేవారేమో. చెట్టు ఊగి పిల్ల కింద పడేదేమో. ఎన్నిసార్లు అనుకున్నా అటో ఇటో తేలదు. మీలో ఎవరికైనా అలాంటి రోజు వస్తే, మీకు తేలుతుందని కూడా నేను చెప్పలేను.

పోతూ పోతూ ఆ టోపీ మనిషి "సారీ ఆంటీ" అని మాకు చల్లటి నీళ్ళ సీసాలు ఇచ్చాడు. తాగాను. గొంతు ఎండిపోయింది, ఏం చేయను. అన్న కూడా తాగాడు. మేం వాళ్ళ నీళ్ళు తాగుతూ వాళ్ళు పోవడం చూశాం.

సార్ అప్పటికే వచ్చి గుండు ఎక్కాడు. మేం పైకి పోయేసరికి దుర్భిణి కళ్ళకు పెట్టుకుని ఉన్నాడు. చాలాసేపు దింపలేదు.

"సార్, ఇటియ్యుండ్రి."

"వద్దమ్మా."

"ఇయ్యుండ్రి సార్."

ఇచ్చాడు. తల్లి గూట్లోకి దిగింది. పిల్ల మెడ గూటి అంచు మీదికి వాలి ఉంది. చీమలు అప్పుడే వచ్చాయో, లేక నా కళ్ళల్లో నీళ్ళకు అట్లా కనబడిందో. తల్లి దాన్ని ముక్కుతో ఒకసారి కదిపింది. ఇంకోసారి కదిపింది. తర్వాత దాని మీదికి వచ్చి నిలబడి, రెక్కలు విప్పింది.

దుర్భిణి అన్నకు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"మనం ఆ కంప వేయకపోయి ఉంటే వాళ్ళు గీత మీదే..." అని సార్ మొదలుపెట్టాడు.

"ఆ మాట పూర్తి జెయ్యకుండ్రి సారూ" అన్నాడు అన్న. నోట్లోంచి బీడీ తీసి, పిడికిట్లో నలిపి, జేబులోనే వేసుకున్నాడు. అడవిలో పారేయడం ఆయనకు రాదు.

సాయంత్రం మా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"అత్తా, పిల్ల దక్కలేదట గద."

"లేదు."

"నువ్వు జర చెప్పి ఉంటే నేను ఆ దిక్కే రాకపోదును. కంప జూసి, ఆ గీత తొవ్వ ఒక్కటే బంద్ జేసిండ్రనుకున్న. ఇంకేం అనుకోవాలె?"

"నీ తప్పు లేదు రా."

"మరి ఎవరిది?"

నేను పళ్ళెంలో అన్నం పెట్టి పిలిచాను. వాడు కూర్చున్నాడు కానీ కలుపుతూ ఉండిపోయాడు. "ఇగ ఆ దిక్కు బండ్లు తేను. పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత వాళ్ళను షాద్‌నగర్ అవతల ఇంకో గుట్టకు తీసుకుపోయాడు. అక్కడ ఏ చెట్టు మీద ఏముందో చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.

మర్నాడు నాకు సెలవు. అన్నం కట్టుకోకుండానే పోయాను. గుండు ఎక్కితే ఆమె అక్కడే ఉంది. పొద్దు పొడిచి ఎండ గూటి మీదికి రాగానే, నిన్నటిలాగే రెక్కలు విప్పింది. పొద్దు జరిగితే ఆమె జరిగింది. కింద పిల్ల కదలలేదు. మగగద్ద వచ్చి పాము వదిలి పోయింది. ఆమె దాన్ని ముట్టలేదు.

నేను గుండు దిగాను. నిన్న జీపులు కంపను తప్పించుకుని పోయినచోట కొత్తగా బాట పడింది. ఇప్పుడు ఎవరు వచ్చినా అదే దారి పడతారు. పోయి దాని నడుమ నిలబడ్డాను. కొంతసేపటికి మోటారు సైకిళ్ళ మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు.

"ఏంది అక్కా, గిట్ల నిలబడ్డవు? లోపల ఏమున్నది?"

గూడు సంగతి ఎవరికీ చెప్పవద్దన్నది అంతటితో సరి.

"గద్ద ఉన్నది. పిల్లకు నీడ పడుతున్నది" అన్నాను.

"ఒక్క రౌండేసి వెళ్ళిపోతం అక్కా."

"చప్పుడైతే లేస్తది. లేస్తే పిల్లకు ఎండ తగుల్తది."

ఇద్దరూ చెట్టు నెత్తిన తెల్లగా విప్పి ఉన్న రెక్కలను చూశారు. ఒకడు రెండోవాడి భుజం తట్టాడు. ఇంజన్లు ఆపేశారు. బండ్లు తిప్పుకుని, రోడ్డు దాకా చేతులతో తోసుకుంటూ పోయారు.

పొద్దు నెత్తి దాటి, చెట్టు నీడ అవతలి ఒడ్డుకు వాలేదాకా నేను అక్కడే నిలబడ్డాను.